సున్నం పోయె, ఉప్పు వచ్చె!

మా రోజుల్లో నీళ్ళు రెండే రకాలు: పప్పు ఉడికేవి, ఉడకనివి. ఊళ్ళోకి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల మొదట అడిగే సంగతి అదే. "అక్కా, కందిపప్పు ఏ బాయి నీళ్ళకు ఉడుకుతుంది?" పక్కింటామె చెయ్యెత్తి చూపిస్తే అయిపోయె. దానికి రిపోర్టు లేదు, పీపీఎం లేదు, భుజానికి బ్యాగు తగిలించుకొని ఇంటికొచ్చి భయపెట్టే కుర్రోడు లేడు.

ఇప్పుడు తిరుపతిలో ఎవరైనా ఇల్లు కడితే, అయ్యోరు ముహూర్తం పెట్టకముందే ఆ కుర్రోడు దిగుతాడు. చిన్న గాజుసీసాలో మన బోరు నీళ్ళు పట్టి, ఏదో మందు చుక్క వేస్తాడు. నీళ్ళు ద్రాక్షపండు రంగుకు తిరుగుతాయి. ఇంకో సీసాలోంచి ఒక్కో చుక్క లెక్కపెడతా వదులుతాడు, నీలం రంగు వచ్చేదాకా. చుక్కలు ఎన్ని ఎక్కువ పడితే అంత మురిసిపోతాడు. "అంకుల్, మీ నీళ్ళు 600 దాటేసినాయి" అంటాడు. నా కోడలు గుండె మీద చెయ్యి వేసుకొని, "మామా, అందుకేనేమో నా జుట్టు ఇట్ట రాలిపోతా ఉండేది" అంటుంది. నీళ్ళ వల్లనే జుట్టు ఊడుతుందని గట్టిగా తేల్చిన ఆధారం ఏదీ లేదు. ఆ మాట ఆ కుర్రోడూ చెప్పడు, ఇంట్లో నేను చెప్తే ఎవరూ వినరు.

ఆ చుక్కల పరీక్ష మాత్రం మోసం కాదు. నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం, అంటే మనం సున్నం అనేది, ఎంతుందో అది నిజంగానే చెప్తుంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదనీ, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చనీ మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, చెప్తుంది. మన పక్క బోర్లలో 400, 500 కనబడితే ఎవరూ ఆశ్చర్యపోరు. నా కోపమంతా ఆ అంకె చూపించి అంటగట్టే మిషన్ల మీద. వాటిని గురించి ఒక్క ప్రశ్నయినా అడగకుండా 30, 40 వేల నుంచి లక్ష దాకా తీసిచ్చే మన పిల్లల మీద ఇంకా ఎక్కువ.

అసలు ఈ నీళ్ళు ఇట్ట ఎందుకైనాయో ఒక్కడూ అడగడు. మా చిన్నప్పుడు చెరువు నిండితే దాని కిందుండే బావులన్నీ ఊరేవి. 30, 40 అడుగుల బావి, కపిల తోలితే మడి పారేది. వాన పడిన నీళ్ళు మన్నులో దిగి, ఎక్కువ కాలం నిలవకుండానే మళ్ళీ పైకొచ్చేవి. చెరువుల్లో ఇళ్ళు లేసినాయి, బావుల్లో చెత్త పోసినారు, బోర్లు దించినారు. మన పక్క పడమటి మండలాల్లో 1000 అడుగులు పోయినా తడి తగలని బోర్లు ఎన్నో. అంత లోతున రాతి పగుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఇరుక్కున్న నీళ్ళు ఆ రాళ్ళను కొంచెం కొంచెంగా కరిగించుకొని వస్తాయి. మనం తోడుకునేది నీళ్ళతో పాటు రాయిని కూడా.

అట్టని మా కాలంలో అన్నీ మంచినీళ్ళ బావులే అంటే అబద్ధమవుతుంది. ఉప్పుబావులు అప్పుడూ ఉండేవి. మా ఊళ్ళో గుడి వెనకాల బావి నీళ్ళు నోట్లో పోసుకుంటే మొహం ముడుచుకునేది. అయితే ఆ నీళ్ళతో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఇంట్లో ఆడవాళ్ళకు తెలుసు. తలకు కుంకుడుకాయ. సబ్బు సున్నపు నీళ్ళలో పడితే నురగ రాక తెల్లటి మడ్డిగా విరుగుతుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు, ఎట్లాంటి నీళ్ళలోనైనా నురగ ఇస్తుంది. నీళ్ళు కాగే కాగుకు లోపల గార పడితే, చింతపండు పులుసు పోసి రాత్రంతా నానబెట్టి పొద్దున పీచుతో తోమేవాళ్ళు. పులుపుకు సున్నం కరుగుతుంది, అంతే శాస్త్రం. చిల్లగింజ కూడా అరగదీసేవాళ్ళు గానీ అది బురద తేర్చడానికే, ఉప్పునీళ్ళ జోలికి పోదు.

బట్టల సంగతి చెప్తే మీరు నమ్మరు. మా చాకలి తాత చెరువు కట్ట అవతల చౌడు నేలలో తెల్లగా పొంగిన మన్ను గీకి గోతంలో తెచ్చేవాడు. ఆ చౌడు నీళ్ళలో బట్టలు తడిపి, బానలో ఆవిరికి పెట్టి, రేవులో బాదితే పంచె మల్లెపువ్వే. ఆ చౌడులో ఉండేది సోడియం కార్బొనేటు, ఇప్పుడు అంగట్లో అమ్మే చాకలి సోడానే. అది నీళ్ళలోని సున్నాన్ని పట్టి అడుగుకు దించేస్తుంది. 1841లో స్కాట్లండులో థామస్ క్లార్క్ అనే ఆయన సున్నం కలిపి సున్నాన్ని దించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మా చాకలి తాతకు పేటెంటు లేదు, గాడిద ఉండేది. ఇప్పటి బట్టల పొడుల్లోనూ ఆ సోడానే కలిపి పెడతారు.

సరే, మిషను దగ్గరికి వద్దాం. సాఫ్టెనర్ అంటే నిలువుగా ఒక గొట్టం డబ్బా. దాని లోపల రెసిన్ అనే గింజలు, ఆవగింజకన్నా సన్నంగా, తేనె రంగులో ఉంటాయి. ఆ గింజలు సోడియం పట్టుకొని ఉంటాయి. సున్నపు నీళ్ళు వాటి మధ్య నుంచి పోయేటప్పుడు ఆ గింజలు కాల్షియాన్ని లాక్కొని, బదులుగా సోడియాన్ని వదులుతాయి. తోక తెగిన కోతి కథలో మాదిరి ఒకటి పోతే ఇంకొకటి వస్తుందే గానీ, నీళ్ళలో ఉండేది ఉత్తపుణ్యానికి ఎక్కడికీ పోదు. నీళ్ళలో కరిగిందంతా కలిపి చూపించే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే ముందు ఎంత ఉందో తర్వాతా దాదాపు అంతే చూపిస్తుంది. అది చూసి మా ఎదురింటాయన మిషను పని చెయ్యలేదని వాళ్ళతో పెద్ద పోట్లాట పెట్టుకున్నాడు. మిషను బాగానే ఉంది. దాని పని సున్నాన్ని మార్చడం, ఉప్పదనం తగ్గించడం కాదు. పడమటి మండలాల్లో బెడద పెట్టే ఫ్లోరైడును కూడా అది తీయదు.

గింజలకు కాల్షియం నిండిపోయినాక ఉప్పునీళ్ళతో కడిగి మళ్ళీ సోడియం ఎక్కించాలి. కొనేటప్పుడు ఎవరూ లెక్కగట్టనిది ఇక్కడే. ఐదుగురున్న ఇల్లు, రోజుకు 600 లీటర్ల వాడకం, నీళ్ళు 600 ఉన్నాయనుకోండి. రోజుకు 360 గ్రాముల సున్నం. 25 లీటర్ల రెసిన్ ఉన్న మిషను 1250 గ్రాముల దాకా పట్టుకోగలదు, అంటే మూడు రోజులకోసారి కడగాలి. కడిగినప్పుడల్లా 3 కిలోల ఉప్పు, 150 నుంచి 200 లీటర్ల నీళ్ళు మోరీ పాలు. నెలకు 30 కిలోల ఉప్పు, దాదాపు 2000 లీటర్ల నీళ్ళు. ట్యాంకరుకు ఫోన్ చేసి, వాడు వచ్చేదాకా గేటు కాడ కాపలా కాసే ఊరు మనది. 5000 లీటర్ల ట్యాంకరులో మూడో వంతుకు పైగా మిషను స్నానానికే పోతుందన్నమాట.

అందుకనే మిషన్లను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు నేను మొదట చూసేది అది ఎప్పుడు కడుక్కుంటుందని. చేత్తో తిప్పేవి ఉన్నాయి, చవక. అయితే ఎవరో ఒకరు గుర్తు పెట్టుకొని తిప్పాలి. ఈ కాలం పిల్లలు కొళాయి కట్టేసేదే మర్చిపోతారు, ఇంక దాన్ని తిప్పుతారా? గడియారం పెట్టినవి రెండో రకం. రెండు రోజులకోసారి అని పెడితే, ఇంటిల్లిపాదీ గంగజాతరకు ఊరికి పోయి తాళం వేసినా అర్ధరాత్రి లేచి ఉప్పు తాగి నీళ్ళు పారబోస్తుంది. బెంగుళూరులో ఉండే మా పెద్దోడు మొదట కొన్నది అదే. అమ్మినోడు బోరు నీళ్ళలో సున్నం ఎంతుందో, ఇంట్లో ఎంతమంది ఉన్నారో అడక్కుండా రోజు విడిచి రోజు అని పెట్టి పోయినాడు. వేసవి సెలవులంతా ఎవరూ లేని ఇంట్లో అది కడుక్కుంటానే ఉంది. మూడో రకం మీటరున్నది. ఎన్ని లీటర్లు పోయినాయో తానే లెక్కపెట్టుకొని, నిండినప్పుడే కడుక్కుంటుంది. ఖరీదు కొంచెం ఎక్కువ. కొంటే అదే కొనండి, మిగతావి నా లెక్కలో ఇనుప సామాన్లోడికి వెయ్యాల్సినవే. జంట డబ్బాలవి కూడా ఉన్నాయి, ఒకటి కడుక్కుంటుంటే ఇంకొకటి పని చేస్తుంది. లాడ్జీలకు, కల్యాణ మండపాలకు అవి బాగుంటాయి. ఇంటికి దండగ.

ఉప్పు దగ్గర ఇంకో మాయ ఉంది. ఎక్కువ ఉప్పు పోస్తే ఎక్కువ పని చేస్తుందని అమ్మేవాళ్ళే చెప్తారు. లీటరు రెసిన్‌కు సుమారు 100 గ్రాముల ఉప్పు ఇస్తే అది 45 గ్రాముల దాకా సున్నం పడుతుంది. ఉప్పు రెండున్నర రెట్లు చేస్తే పట్టేది ఒకటిన్నర రెట్లే. మిగతా ఉప్పంతా మోరీలోకి. తక్కువ ఉప్పు పెట్టి, మరికాస్త పెద్ద డబ్బా కొనుక్కోవడం మేలు. ఉప్పునీళ్ళు కింద నుంచి పైకి ఎక్కే రకం అయితే ఉప్పు ఇంకా కలిసొస్తుంది.

అంగట్లో గోతం లెక్కన దొరికే రాళ్ళుప్పు పోయొచ్చా అని అందరూ అడుగుతారు. పోయొచ్చు, కానీ దాంట్లో మన్నూ, కరగని మడ్డీ ఉంటాయి. ఉప్పునీళ్ళు పీల్చే సన్నపు నాజిలుకు అవి అడ్డం పడితే మిషను ఉప్పు తాగదు. బయటికి అంతా బాగున్నట్టే కనబడుతుంది, నీళ్ళు మాత్రం మళ్ళీ పాత నీళ్ళే. బిళ్ళల ఉప్పు ధర ఎక్కువైనా ఆ తలనొప్పి తక్కువ. ఉప్పు తొట్టిలో పైన గడ్డకట్టి కింద బోలుగా తయారవుతుంది కొన్నిసార్లు. మూత తీసి చూస్తే నిండుగా ఉంటుంది, కట్టెతో పొడిస్తే దభీమని కిందికి దిగుతుంది. నెలకోసారి ఆ కట్టె పని ఎవరో ఒకరు చెయ్యాలి. గింజలు ఎనిమిది, పదేళ్ళు వస్తాయి. ఇనుము ఉన్న ఎర్రనీళ్ళు, క్లోరిన్ ఎక్కువైన నీళ్ళు వాటికి పడవు.

మిద్దె మీది ట్యాంకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా మిషన్ల తలకాయకు ఒకటిన్నర, రెండు బార్ల ఒత్తిడి కావాలి. మిద్దె మీద ట్యాంకు పెట్టుకుంటే పది మీటర్ల ఎత్తుకు ఒక బారు వస్తుంది. మన ఒంటి మిద్దెకు అరబారు కూడా రాదు. దాంతో ఇంకో మోటారు పెట్టమంటారు, దానికి కరెంటు బిల్లు వేరే. లేదంటే బోరుకూ ట్యాంకుకూ మధ్యలో మిషను పెట్టమంటారు. అప్పుడు లెట్రిన్లో పోసే నీళ్ళు, బండి కడిగే నీళ్ళు, కరివేపాకు చెట్టుకు పోసే నీళ్ళు అన్నీ ఉప్పు ఖర్చుతో తయారైనవే. స్నానాల గదులకు, గీజరుకు, బట్టల మిషనుకు మాత్రం వేరే గొట్టం లాగి, మిగతావి వదిలేసే మేస్త్రీ దొరికితే ఆయన చెయ్యి పట్టుకొని వదలొద్దు.

వంటింటి కొళాయి దాని జోలికి పోకుండా చూసుకోండి. 100 మిల్లీగ్రాముల సున్నం పోతే 46 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. 600 ఉన్న నీళ్ళయితే లీటరుకు 276. రెండు లీటర్లు తాగితే 550 మిల్లీగ్రాములు. ఒక రోజు మొత్తానికి 2000 లోపల ఉండమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అందులో నాలుగో వంతుకు పైగా ఉత్త నీళ్ళలోనే అయిపోయె. నా మాదిరి బీపీ మాత్ర వేసుకునేవాళ్ళకు ఊరగాయ వద్దని కోడలు దాచి పెడుతుంది. ఆ నీళ్ళే తాగమంటే మాత్రం ఎట్టా?

ఉప్పే అక్కర్లేని మిషన్లు వచ్చినాయి కదా అంటారు. వాటిలో గొట్టానికి అయస్కాంతం తగిలించేవి, తీగ చుట్టేవి ఉన్నాయి, గింజల మీద సున్నాన్ని సన్న స్ఫటికాలుగా కట్టించి వదిలేవీ ఉన్నాయి. ఏదైనా సరే, చుక్కల పరీక్షలో ముందూ వెనకా ఒకే అంకె వస్తుంది. సబ్బు నురగ పెరగదు. వాటి పనల్లా గార అతుక్కోకుండా చూడడమే. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటివి వరసగా పెట్టి పరీక్ష చేస్తే స్ఫటికాలు కట్టించే రకం గారను బాగా తగ్గించింది, విద్యుదయస్కాంతం రకం దాని వెనక చాలా దూరంలో ఆగింది. గీజరు కాపాడుకోవడమే మీ అవసరమైతే ఆ స్ఫటికాల రకం చాలు. ఉప్పు లేదు, మోరీలోకి పోయేది లేదు, కొన్నేళ్ళకోసారి గింజలు మార్చుకోవడమే. అయస్కాంతానికి నేనైతే డబ్బు పెట్టను.

గీజరును కాపాడుకోవాలి, అది నేనూ ఒప్పుకుంటా. మొన్న మా ఇంట్లో గీజరు విప్పితే రాడ్డు కంటికి కనబడలేదు. దాని చుట్టూ వేలు మందాన బూడిద రంగు పెంకు కట్టుకొని ఉంది. గోటితో గీకితే రాలదు, స్పానరుతో కొడితే పెచ్చులుగా లేచింది. ఆ పెచ్చు మీద నిమ్మకాయ పిండితే బుసబుస నురగ కక్కింది. ఆ పెంకు వేడెక్కి, దాన్ని దాటి నీళ్ళు వేడెక్కేసరికి కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంది. మిద్దెల మీది సోలారు గొట్టాలదీ అదే కథ. ఇంత జరిగినా నిమ్మ ఉప్పు కరిగించి ఏడాదికోసారి కడిగితే పోయేదానికి లక్ష రూపాయల మిషను కావాలా అని నేనంటే, "నీకన్నీ పాతకాలం వైద్యాలే నాయనా" అంటాడు చిన్నోడు.

ఇంక ఆ మోరీలోకి పోయే ఉప్పునీళ్ళు. అవి ఎక్కడికి పోతున్నాయి? మా వీధిలో ఒకాయన ఇంకుడుగుంతలోకి వదిలినాడు. నెలకు 30 కిలోల ఉప్పు నేరుగా మన కాళ్ళ కింది నీళ్ళలోకి. పెరట్లో టెంకాయ చెట్టు మొదట్లోకి వదిలేవాళ్ళూ ఉన్నారు. సోడియం దిగిన బంకమన్ను బిగుసుకుపోయి నీళ్ళు ఇంకనివ్వదు. చౌడు భూమి అంటే అదే కదా! చాకలి తాత కట్ట దాటిపోయి గీక్కొచ్చుకున్న చౌడును మనం ఇంటి పెరట్లోనే పండిస్తున్నాం. అమెరికా కాలిఫోర్నియాలో సాంటా క్లారిటా అనే లోయలో ఇళ్ళ నుంచి వచ్చే ఈ ఉప్పు నదిలో కలిసి కింది రైతుల స్ట్రాబెర్రీ, అవకాడో తోటలకు ముప్పు తెస్తుందని 2008లో జనమే ఓటు వేసి, ఉప్పు సాఫ్టెనర్లను ఇళ్ళలోంచి తీసేయించినారు. మనకు అడిగేవాడు ఎవడు?

తిరుపతిలో చాలా ఇళ్ళకు రెండు నీళ్ళు ఉన్నాయి, అది మర్చిపోతారు. 1970ల్లో కట్టిన కళ్యాణి డ్యామ్ నీళ్ళు, ఆ తర్వాత వచ్చిన తెలుగుగంగ నీళ్ళు కొళాయిల్లో వస్తాయి. మద్రాసు దాహం తీర్చడానికి 1983లో మొదలెట్టిన తెలుగుగంగ కృష్ణా నీళ్ళను ఇంత దూరం తెచ్చింది. ఆ నీళ్ళకు బోరు నీళ్ళంత సున్నం ఉండదు. మన ఇళ్ళల్లో ఏం చేస్తారంటే ఆ నీళ్ళనూ బోరు నీళ్ళనూ ఒకే సంపులో కలిపి, కలిపిన దాన్ని శుద్ధి చెయ్యడానికి మిషను కొంటారు! మా ఇంట్లో కొళాయి నీళ్ళు పడితే బిందె వేరు, బోరు నీళ్ళకు తొట్టి వేరు. ఇప్పుడు రెండు సంపులు కట్టుకుంటే చాలు, సగం రోగం అక్కడే కుదురుతుంది.

అన్నిటికన్నా సున్నం లేని నీళ్ళు ఆకాశం నుంచి ఉత్తగానే పడతాయి. 1000 చదరపు అడుగుల మిద్దె మీద, ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన లెక్కన, కొంత పోయినా 65 వేల లీటర్లకు తక్కువ కాదు, 13 ట్యాంకర్లు. 2021 నవంబరులో అదే వాన తిరుపతి వీధుల్లో పడవలు నడిపించేంత కురిసింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించినారు. అప్పుడు నీళ్ళెక్కువై ఏడ్చినాం, వేసవి రాగానే ట్యాంకరు కోసం ఏడ్చినాం. మా అవ్వ కార్తీక మాసం వానకు చూరు కింద గంగాళం పెట్టేది. తలంటుకు ఆ నీళ్ళే. మిద్దె గొట్టానికి వడపోత తొట్టి కట్టి సంపులోకి కలిపితే బోరు నీళ్ళ అంకె దానంతటదే దిగుతుంది, దానికి ఉప్పు గోతం అక్కర్లేదు.

ఇవన్నీ చెప్పినా మీరు కొనే తీరుతారని నాకు తెలుసు. అయితే ఆ చుక్కల కుర్రోడి మాట మీద కాకుండా, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించుకోండి, సున్నంతో పాటు ఇనుము, ఫ్లోరైడు కూడా చూడమనండి. ఆ కాగితం చేతిలో పట్టుకొని అమ్మేవాణ్ణి కూర్చోబెట్టి అడగండి: రెసిన్ ఎన్ని లీటర్లు, ఒక్కసారి కడగడానికి ఎంత ఉప్పు, ఎన్ని నీళ్ళు, మీటరుందా గడియారమా, మా మిద్దె ఎత్తుకు ఒత్తిడి చాలుతుందా, చెడిపోతే తిరుపతిలో వచ్చి చూసేదెవరు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్తే బేరం మొదలుపెట్టండి. నసిగితే, మంచి కాఫీ ఒకటి ఇచ్చి పంపేయండి.